రెండు అగ్గిపుల్లల నిబంధన: స్కౌటింగ్ బ్యాడ్జీలు, వాటి వెనక ఉండే అర్హతలు

స్కౌటింగ్ మొదలైన తొలినాళ్లలో రెండో మెట్టైన సెకండ్ క్లాస్ స్కౌట్ కావాలనుకున్న కుర్రవాడు ఆరుబయట పొయ్యి పేర్చి, రెండు అగ్గిపుల్లలకు మించి వాడకుండా నిప్పు రాజేయాల్సి ఉండేది. ఆ నిప్పు మీద పావు పౌండు మాంసమూ, రెండు బంగాళాదుంపలూ క్యాంపు గిన్నె తప్ప మరో వంటపాత్ర ముట్టకుండా వండి చూపాలి. చదవడానికి ఇది చిన్న నిబంధన. కానీ చేతిలో ఉన్నవి రెండే పుల్లలని తెలిసిన పిల్లవాడు ఏం చేస్తాడో చూస్తే దాని లోతు తెలుస్తుంది. మొదటి పుల్ల గాలికి ఆరిపోవచ్చు. రెండోదీ ఆరిపోతే ఆ రోజుకు పరీక్ష ముగిసినట్టే. అందువల్ల అసలు పనంతా పుల్ల గీయకముందే జరిగిపోవాలి. పొడిగా విరిగే చితుకులు ఏరుకోవాలి, వేలి మందం పుల్లలను ఒక పక్క, మణికట్టు మందం కట్టెలను మరో పక్క సర్దుకోవాలి, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని పొయ్యి నోరు అటు ఉంచాలి, గాలి ఆడేలా కట్టెల మధ్య సందు వదలాలి. వీటిలో ఏ ఒక్కటీ నిబంధనలో రాసి లేదు. పుల్లలు రెండేనని చెప్పి అది ఊరుకుంటుంది. మిగిలిన చదువంతా ఆ ఒక్క అంకెలోంచి దానంతటదే పుట్టుకొస్తుంది.

బ్యాడ్జీల గురించి మాట్లాడేటప్పుడు చూపు సహజంగా గుడ్డ మీద కుట్టిన బొమ్మ మీదకు పోతుంది. ఎన్ని వచ్చాయి, ఏది అరుదైనది, ఏ రంగు అంచు దేనికి గుర్తు అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. అవి పనికిరాని ప్రశ్నలేమీ కావు. అయితే బ్యాడ్జీ ఒక పని జరిగిందనడానికి రసీదు లాంటిది. ఆ పని ఏమిటో, ఎంతో, ఎవరి ఎదుట జరగాలో చెప్పేది నిబంధన. బ్యాడ్జీలను భుజం మీద కుట్టించుకునే పిల్లలైనా, తరాల నాటి బ్యాడ్జీలను ఆల్బంలో దాచుకునే పెద్దలైనా నిబంధనను పక్కన పెట్టుకోకపోతే చేతిలో మిగిలేది సగమే.

ఈ పద్ధతికి మూలం సైన్యంలో కనిపిస్తుంది. స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన రాబర్ట్ బేడెన్ పావెల్ 1897లో భారతదేశంలో ఐదో డ్రాగూన్ గార్డ్స్ దళానికి అధిపతిగా ఉన్నప్పుడు, దారులు వెతకడం, జాడలు పట్టడం నేర్చి పరీక్షలో నెగ్గిన సైనికులకు మూడు రేకుల పువ్వు ఆకారంలో గుర్తు ఇచ్చేవారు. పది సంవత్సరాల తర్వాత, 1907 ఆగస్టులో, ఇంగ్లండులోని పూల్ రేవులో ఉన్న బ్రౌన్‌సీ దీవిలో ఆయన సుమారు 20 మంది అబ్బాయిలతో ప్రయోగాత్మకంగా ఒక క్యాంపు నడిపారు. డబ్బున్న కుటుంబాల పిల్లలనూ, పని చేసుకుని బతికే కుటుంబాల పిల్లలనూ కలిపి నాలుగు దళాలు చేశారు. అక్కడి పిల్లలకు ఇత్తడితో చేసిన అదే మూడు రేకుల గుర్తు దక్కింది. ముడులు వేయడం, జాడ పట్టడం వంటి పరీక్షలు దాటినవారికి 'సర్వదా సిద్ధం' అన్న అర్థంలోని నినాదం చెక్కిన పట్టీ అదనంగా వచ్చింది. ముందు గుర్తు, తర్వాత పని, ఆ పనికి మరో గుర్తు అనే వరస అప్పుడే స్థిరపడింది.

1908లో విడతలుగా వెలువడిన ఆయన పుస్తకంతో ఉద్యమం ఊపందుకుంది. అప్పటి నుంచీ బ్యాడ్జీలు రెండు దారులుగా సాగుతున్నాయి. ఒకటి నిచ్చెన వంటిది: కొత్తగా చేరినవారి మెట్టైన టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ అంటూ అందరూ ఒకే మెట్ల మీద ఎక్కాలి. రెండోది తోట వంటిది: ఈత, సైకిల్, ప్రథమ చికిత్స, వడ్రంగం వంటి విషయాల్లో ఎవరికి నచ్చినది వారు కోసుకోవచ్చు. తర్వాతి కాలంలో దేశదేశాల్లో పేర్లు మారాయి. అమెరికాలో చివరి మెట్టు ఈగిల్ స్కౌట్. బ్రిటన్‌లో 1909 నుంచి కింగ్స్ స్కౌట్. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు దాటి రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి పురస్కారం. పేరు ఏదైనా, నిచ్చెన పైకి వెళ్లాలంటే తోటలోంచి కొన్ని పళ్లు తప్పనిసరిగా తెచ్చుకోవాలన్న లంకె మాత్రం దాదాపు అంతటా ఉంది.

తొలినాటి ఫస్ట్ క్లాస్ నిబంధనలను ఒకసారి నిదానంగా చదవడం మంచిది. 50 గజాలు ఈదాలి. జెండాలు ఊపి చెప్పే సెమాఫోర్‌లో గానీ, చుక్కలూ గీతలూ ఉండే మోర్స్‌లో గానీ సందేశం పంపాలి, అందుకోవాలి. ఏడు మైళ్ల దూరం, అంటే దాదాపు 11 కిలోమీటర్లు, కాలినడకన గానీ పడవ మీద గానీ వెళ్లి తిరిగి రావాలి, వచ్చాక ఆ ప్రయాణం గురించి చిన్న నివేదిక రాయాలి. దూరం, ఎత్తు, సంఖ్య కంటితో అంచనా వేయాలి, ఆ అంచనాలో తప్పు 25 శాతం దాటకూడదు. పొదుపు ఖాతాలో కొంత సొమ్ము ఉండాలి. అన్నిటికన్నా చివర, తాను స్వయంగా శిక్షణ ఇచ్చిన ఒక కొత్త కుర్రవాణ్ణి టెండర్‌ఫుట్‌గా తీసుకురావాలి.

ఈ చివరి షరతు ఎంతో ఆలోచించి పెట్టినది. ముడి వేయడం వచ్చిన పిల్లవాడికీ, ఆ ముడిని మరొకరికి నేర్పగలిగిన పిల్లవాడికీ మధ్య చాలా దూరం ఉంటుంది. నేర్పేటప్పుడే తాను ఇంతకాలం చేతి అలవాటుతో చేసుకుపోతున్నది తనకు పూర్తిగా అర్థం కాలేదని తెలుస్తుంది. పైగా ఉద్యమం పెరగడానికి కూడా ఆ షరతే దారి వేసింది. నిచ్చెన ఎక్కే ప్రతివాడూ కింద నుంచి ఒకణ్ణి చేయి పట్టుకుని పైకి తెస్తాడు. నివేదిక రాయాలన్న నిబంధనా అంతే. నడిచి వచ్చిన కాళ్లకు సాక్ష్యం ఉండదు కాబట్టి చూసిన కళ్లు సాక్ష్యం చెప్పాలి. వంతెన ఎక్కడుంది, దారి ఎక్కడ చీలింది, వాగులో నీళ్లు ఎంత ఉన్నాయి అన్నవి రాయలేనివాడు వెళ్లి వచ్చినా వెళ్లనట్టే.

ఇక ప్రమాణం ఎవరికి ఎంత ఉండాలన్న ప్రశ్న. బేడెన్ పావెల్ దీనికి ఇచ్చిన జవాబు ఈనాటికీ కొందరికి మింగుడు పడదు. బ్యాడ్జీకి కొలమానం పనిలోని నైపుణ్యపు స్థాయి అని ఆయన అనలేదు. ఆ నైపుణ్యం సంపాదించడానికి ఆ పిల్లవాడు ఎంత శ్రమ పడ్డాడన్నదే కొలమానం అన్నారు. అందరికన్నా వెనకబడ్డట్టు కనిపించే పిల్లవాడికి కూడా ఏదో ఒక విషయంలో ఉత్సాహం పుట్టించాలన్నది ఆయన ఉద్దేశం. నీళ్లంటే భయపడి, నెలల తరబడి ఒడ్డునే నిలబడి, చివరకు 50 గజాలు ఎగశ్వాసతో ఈదిన పిల్లవాడు, చిన్ననాటి నుంచి చెరువులో పెరిగి అదే దూరాన్ని అలవోకగా ఈదినవాడికంటే ఆ బ్యాడ్జీకి ఎక్కువ తగినవాడు అనడానికి ఆస్కారం ఉంది. పాఠశాల పరీక్షకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది.

అయితే శ్రమను కొలవడం ఎలా? దూరానికి గజాలున్నాయి, కాలానికి గడియారం ఉంది, శ్రమకు ఏముంది? కొలవలేనిదాన్ని కొలమానంగా పెడితే పరీక్షకుడి దయకు అంతా వదిలేసినట్టవుతుంది. ఒక చోట మెత్తని మనిషి, మరో చోట కరకు మనిషి ఉంటే ఒకే బ్యాడ్జీ రెండు చోట్ల రెండు అర్థాలు సంతరించుకుంటుంది. అమెరికాలో 1910లో మొదలైన స్కౌటింగ్ సంస్థ దీనికి భిన్నమైన దారి పట్టింది. శ్రమ ఎంత అన్న విచారణను పక్కన పెట్టి, నిబంధనలోని మాటను మాటగా పాటించాలని పట్టుబట్టింది. అక్కడి మార్గదర్శకాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న సూత్రం ఒక్కటే: నిబంధనలో ఉన్నదానికి ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ఈ సూత్రం వల్ల క్రియాపదాలకు ఎక్కడలేని బరువు వచ్చింది. 'వివరించాలి' అని ఉంటే నోటితో చెబితే చాలు. 'చేసి చూపాలి' అని ఉంటే చెప్పడం సరిపోదు, చేతులు కదలాలి. 'తయారుచేయాలి' అంటే వస్తువు ఎదుట ఉండాలి. 'సేకరించి, గుర్తించి, పేర్లు రాసిపెట్టాలి' అంటే మూడు పనులు, మూడూ జరగాలి. కట్టు కట్టడం గురించి గడగడా చెప్పిన పిల్లవాడికి, నిబంధనలో 'చేసి చూపాలి' అని ఉన్నప్పుడు, సంతకం పెట్టడానికి వీల్లేదు. అలాగే 'వివరించాలి' అని ఉన్నచోట, ఉత్సాహం ఎక్కువైన శిక్షకుడు రెండు పేజీల వ్యాసం రాసుకురమ్మనడానికీ వీల్లేదు. రెండో తప్పు మొదటిదానికంటే చిన్నదేమీ కాదు. మంచి ఉద్దేశంతోనే పెట్టిన అదనపు మెట్టు, అప్పటికే వెనకాడుతున్న పిల్లవాణ్ణి పూర్తిగా వెనక్కి పంపేయగలదు.

1911లో వెలువడిన అమెరికన్ కరదీపికలో 57 మెరిట్ బ్యాడ్జీలు, అంటే తోట దారిలోని విషయాల బ్యాడ్జీలు, ఉన్నాయి. వాటి నిబంధనలు ఒక కాలపు ఆశలనూ, అవసరాలనూ కళ్లకు కడతాయి. వైమానిక విద్య బ్యాడ్జీకి గాలికంటే బరువైన యంత్రపు నమూనా తయారుచేసి, దాన్ని కనీసం 25 గజాల దూరం ఎగిరేలా చేయాలి. రైట్ సోదరుల మొదటి విమానం ఎగిరి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా పూర్తి కాలేదు. సైకిల్ బ్యాడ్జీకి 10 గంటల్లో 50 మైళ్లు తొక్కాలి, పంక్చర్ బాగుచేయాలి, సైకిల్‌ను విడదీసి శుభ్రం చేసి మళ్లీ బిగించాలి. వీటన్నిటినీ మించినది ఆవిష్కరణ బ్యాడ్జీ. ఉపయోగపడే వస్తువు ఒకటి కనిపెట్టి, దానికి పేటెంటు పొందాలన్నది దాని మొదటి షరతు. దాని నమూనానో, పనిచేసే విధానం తెలిపే చిత్రమో చూపడం రెండోది. పేటెంటు చేతికి రావడానికి పట్టే కాలం, అయ్యే ఖర్చు పిల్లలకు అందేవి కావు. దాన్ని సాధించినవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. కొన్నేళ్లకే ఆ బ్యాడ్జీ జాబితాలోంచి పోయింది. దాదాపు శతాబ్దం తర్వాత, 2010లో, అదే విషయం మీద కొత్త బ్యాడ్జీ వచ్చినప్పుడు పేటెంటు పొందాలన్న షరతు అందులో లేదు, ఒక సమస్యను ఎంచుకుని దానికి పరిష్కారం రూపొందించడం మీద దృష్టి నిలిచింది. పిల్లలకు తగిన నిబంధన అదే. పాత నిబంధన ఫలితాన్ని పిల్లవాడి చేతిలో లేని ఒక కార్యాలయపు నిర్ణయానికి ముడిపెట్టింది. ఎంత శ్రమ పడినా బయటివారి ముద్ర లేనిదే దక్కని బ్యాడ్జీ, బ్యాడ్జీల పద్ధతికే ఎదురు నడుస్తుంది.

దీనికి పక్కనే దారుల బ్యాడ్జీని పెట్టి చూడాలి. పల్లెటూళ్లలో ఉన్నవారికి స్కౌటు కేంద్రం చుట్టూ అన్ని దిక్కులా కనీసం రెండు మైళ్ల దాకా ప్రతి సందూ, ప్రతి కాలిబాటా, ప్రతి అడ్డదారీ తెలిసి ఉండాలి. నగరంలో ఉన్నవారికి మూడు మైళ్ల వ్యాసార్ధంలో ఉన్న ప్రాంతమంతా తెలియాలి. పగలైనా రాత్రైనా అడిగినవారికి దారి చూపగలగాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, పరికరం అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నడవాలి, గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ నడవాలి. 1950ల మొదట్లో ఈ బ్యాడ్జీ కూడా ఆగిపోయింది. ఉద్యమం అమెరికాలో నూరేళ్లు పూర్తి చేసుకున్న 2010లో మాత్రం వడ్రంగం, సంకేతాలు, జాడ పట్టడం అనే మరో మూడు పాత బ్యాడ్జీలతో పాటు దాన్ని ఆ ఒక్క ఏడాదికి తిరిగి తెచ్చారు. చేతిలోని ఫోను ప్రతి మలుపునూ చెప్పే రోజుల్లో పిల్లలు సందులూ గొందులూ కాళ్లతో చదివారు. వడ్రంగం బ్యాడ్జీ కోసం తూకపు దారం, మూలమట్టం వాడి చూపి, ఇంట్లో నిజంగా ఉపయోగపడే ఒక సామాను ఎవరి సాయమూ లేకుండా తయారుచేశారు. నూరేళ్ల నాటి పిల్లలకూ వీరికీ మధ్య ఆ కొద్ది నెలలు ఒకే కొలబద్ద ఉంది. బ్యాడ్జీల చరిత్రలో ఇంత అందమైన సందర్భాలు ఎక్కువ లేవు.

జాబితా మారుతూ ఉండటం సహజం. అణుశక్తి బ్యాడ్జీ 1963లో వచ్చి, 2005లో అణువిజ్ఞానంగా పేరు మార్చుకుంది. 1967 నాటి కంప్యూటర్ల బ్యాడ్జీ స్థానాన్ని 2014లో డిజిటల్ టెక్నాలజీ తీసుకుంది. 2011లో రోబోటిక్స్ చేరింది. బాలికల సంస్థల్లోనూ ఈ ముందుచూపు మొదటి నుంచీ కనిపిస్తుంది. 1910లో బ్రిటన్‌లో గైడ్స్, 1912లో అమెరికాలో గర్ల్ స్కౌట్స్ మొదలైనప్పుడు ఇంటిపని, రోగుల సేవ వంటివే బాలికలకు తగినవన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉండేది. అయినా అమెరికా బాలికల తొలి బ్యాడ్జీల్లో విద్యుత్ పనీ, విమానయానమూ కూడా చోటు చేసుకున్నాయి. ఆ దేశంలో మహిళలకు ఓటు హక్కును రాజ్యాంగ సవరణతో ఖాయం చేసింది 1920లో అన్నది గుర్తుంచుకుంటే ఆ రెండు గుడ్డముక్కల విలువ తెలుస్తుంది.

బ్యాడ్జీలు ఎన్ని ఉండాలన్న లెక్క ఎక్కువగా ఈగిల్ హోదా చుట్టూ తిరుగుతుంది. 1912లో మొదటి ఈగిల్ స్కౌట్ అయిన ఆర్థర్ ఎల్‌డ్రెడ్‌ను ఉద్యమ జాతీయ నాయకులే స్వయంగా కూర్చుని ప్రశ్నించారు. అప్పుడు కావలసిన మెరిట్ బ్యాడ్జీలు 21. మధ్యలో 1970లలో కొన్నేళ్లు 24కు పెరిగినా, ఇప్పుడూ ఆ సంఖ్య 21. వాటిలో అధిక భాగం నిర్ణీత జాబితాలోంచి రావాలి, మిగిలినవి ఇష్టానికి వదిలేశారు. ఇవి కాక బాధ్యతాయుతమైన పదవిలో పనిచేయడం, సమాజానికి పనికొచ్చే సేవా కార్యక్రమాన్ని తానే ముందుండి నడపడం ఉన్నాయి. ఇవన్నీ 18 ఏళ్లు నిండేలోపు పూర్తి కావాలి. తప్పనిసరి బ్యాడ్జీలను దూరం నుంచే గుర్తుపట్టేందుకు వాటికి వెండి రంగు అంచు, మిగతావాటికి ఆకుపచ్చ అంచు ఉంటుంది.

తప్పనిసరి జాబితాలోని నిబంధనల్లో కాలం ఎలా పనిచేస్తుందో గమనించదగినది. కుటుంబ జీవనం బ్యాడ్జీకి ఇంటి పనులు ఎంచుకుని 90 రోజులు చేసి, లెక్క రాసిపెట్టాలి. దేహదారుఢ్యానికి 12 వారాల సాధన. సొంత డబ్బు నిర్వహణకు 13 వారాల పాటు రాబడి, ఖర్చు, పొదుపు వరసగా నమోదు చేయాలి. క్యాంపింగ్‌కు డేరాలో గానీ ఆకాశం కింద గానీ 20 రాత్రులు గడపాలి. ఈ అంకెలకు ఒక గుణం ఉంది: వీటిని ఒక్క పూటలో కుక్కి ముగించడం ఎంత తెలివైనవాడికీ సాధ్యం కాదు. పదమూడో వారం రావాలంటే పన్నెండు వారాలు గడవాల్సిందే. అంట్లు తోమడం మొదటి వారంలో సరదా, నాలుగో వారంలో విసుగు, పదో వారం వచ్చేసరికి అలవాటు. విసుగును దాటించడానికే ఆ 90 రోజులు. బ్రిటన్‌లో ఆరుబయట గడిపిన రాత్రులకు దశలవారీ బ్యాడ్జీలు ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు రాత్రులకు ఒక్కో దశ, తర్వాత పది, పదిహేను, ఇరవై అంటూ పెరిగి 200 రాత్రుల దాకా వెళ్తుంది. మొదటి రాత్రికే ఒక బ్యాడ్జీ ఇవ్వడంలో ఎంతో ఆలోచన ఉంది. చిన్న పిల్లలకు ఇరవయ్యో రాత్రి కంటే మొదటి రాత్రే కష్టం.

కాలపు కట్టుబాటు లేని బ్యాడ్జీల దగ్గరే చిక్కు వస్తుంది. ఒకే రోజు, ఒకే భవనంలో, గదికొక బ్యాడ్జీ చొప్పున వందలాది పిల్లలకు తరగతులు పెట్టి సాయంత్రానికి కాగితాల మీద సంతకాలు చేసి పంపే పద్ధతి అమెరికాలో విస్తరించింది. దీని వల్ల మేలు లేకపోలేదు. దగ్గరలో నిపుణులు దొరకని పిల్లలకు ఆ రోజు ఒక భూగర్భ శాస్త్రవేత్త ఎదుట కూర్చునే అవకాశం వస్తుంది. కానీ నలభై మంది ఉన్న గదిలో ఒకడు జవాబు చెబితే మిగిలిన ముప్పై తొమ్మిది మంది తల ఊపడం, ఆ తల ఊపడమే 'వివరించాలి' అన్న నిబంధనకు సరిపోయిందని లెక్క వేయడం న్యాయం కాదు. నిబంధన ఒక్కొక్కరినీ ఉద్దేశించి రాసినది. అలాంటి సంతకం పిల్లవాడికి బ్యాడ్జీ ఇచ్చి, బ్యాడ్జీలో ఉండాల్సినదాన్ని తీసేసుకుంటుంది. తప్పు పిల్లలది కాదు, వాళ్లు చెప్పిన గదికి వెళ్లి కూర్చున్నారు. సంతకం పెట్టే చేయి ఆగాల్సింది.

పద్ధతి ప్రకారం అయితే పిల్లలే ముందుగా తమ నాయకుడి దగ్గర నీలం రంగు కార్డు తీసుకుని, ఆ విషయం తెలిసిన, నమోదైన శిక్షకుడి దగ్గరకు వెళ్లాలి. ఒంటరిగా వెళ్లకూడదు, తోడు ఉండాలన్నది భద్రతా నియమం. ఆ కార్డుకు మూడు భాగాలు ఉంటాయి. ఒకటి దళం దగ్గర, ఒకటి శిక్షకుడి దగ్గర, ఒకటి పిల్లవాడి దగ్గర ఉండిపోతాయి. పరిచయం లేని పెద్ద మనిషికి తానే కబురు పెట్టి, సమయం అడిగి, చెప్పిన వేళకు వెళ్లి, తన పని చూపించుకోవడం పన్నెండేళ్ల పిల్లవాడికి చిన్న విషయం కాదు. నిబంధనల పుస్తకంలో దీనికి విడిగా అంకె వేసి రాయలేదు కానీ, చాలామందికి మిగిలిపోయే చదువు ఇదే.

వైకల్యం ఉన్న పిల్లల విషయంలో మాటను మాటగా పాటించాలన్న సూత్రం అలాగే నడిస్తే అన్యాయం జరుగుతుంది. అందుకే ప్రత్యామ్నాయ నిబంధనలకు చోటు కల్పించారు. బ్రిటన్‌లో నిబంధనను ఆ పిల్లవాడి శక్తికి తగ్గట్టు మార్చుకునే స్వేచ్ఛ నాయకులకు ఎక్కువగా ఉంటే, అమెరికాలో ముందుగా అనుమతి తీసుకుని ఒక నిబంధన బదులు మరొకటి, ఒక బ్యాడ్జీ బదులు మరొకటి పూర్తి చేసే వీలుంది. బేడెన్ పావెల్ చెప్పిన శ్రమ కొలమానం ఇక్కడ తిరిగి ప్రాణం పోసుకుంటుంది.

ఇక పెద్దల సేకరణ. దశాబ్దాల నాటి బ్యాడ్జీలను కూర్చేవారికి గుడ్డే మొదటి ఆధారం. అమెరికన్ మెరిట్ బ్యాడ్జీలను తీసుకుంటే 1911 నుంచి 1930ల మొదటి భాగం దాకా అవి చతురస్రాకారపు ఖాకీ గుడ్డ మీద గుండ్రటి బొమ్మగా వచ్చేవి. అంచును లోపలికి మడిచి కుట్టుకోవడం ఇంటివాళ్ల పని. అందువల్ల పాత చొక్కా చేతి మీద ఉన్న అలాంటి బ్యాడ్జీని తిప్పి చూస్తే, యంత్రం కుట్టిన బొమ్మ చుట్టూ ఎవరో తల్లిదో అక్కదో చేతికుట్టు వంకరటింకరగా కనిపిస్తుంది. ఒక్కోసారి దారం రంగు కూడా కలవదు, ఇంట్లో ఉన్న దారంతో కుట్టేశారన్నమాట. తర్వాత అంచును యంత్రంతో మడిచి నొక్కిన గుండ్రటి బ్యాడ్జీలు వచ్చాయి. 1960లలో అంచు చుట్టూ దట్టంగా దారం చుట్టిన రకం, 1970లలో వెనక ప్లాస్టిక్ పూత ఉన్న రకం వచ్చాయి. నకళ్లను పట్టడానికి సేకర్తలు అతినీలలోహిత దీపం వాడతారు. తర్వాతి కాలపు కృత్రిమ దారాలూ, తెల్లదనం పెంచే రసాయనాలూ ఆ వెలుగులో మెరుస్తాయి, పాత నూలు మెరవదు. మెరవనంత మాత్రాన అసలైనదని తేలిపోదు. మెరిస్తే మాత్రం పాతదన్న మాటను నమ్మడం కష్టం.

గుడ్డను బట్టి కాలం తెలుస్తుంది, పని తెలియదు. సైకిల్ బ్యాడ్జీ మీద బొమ్మ చక్రమే. అయితే 1911లో దాని వెనక 10 గంటల్లో 50 మైళ్లు ఉంటే, ఇటీవలి నిబంధనలో రోడ్డు మీద అదే దూరానికి 8 గంటలు. నిబంధనలు కొన్నేళ్లకోసారి మారతాయి, బొమ్మ చాలాసార్లు మారదు. కాబట్టి బ్యాడ్జీని దాచేవారు ఆ ఏటి నిబంధనల పుస్తకాన్నో, ఆ విషయం మీద సంస్థ వేసిన చిన్న పుస్తకాన్నో పక్కన పెట్టుకోవాలి. బ్యాడ్జీల కంటే ఈ పుస్తకాలు చవకగా దొరకడం, సేకర్తల్లో ఎక్కువ మంది వాటిని పట్టించుకోకపోవడం విచారించదగిన విషయం. సంతకాలతో ఉన్న కార్డు దొరికితే అది ఇంకా విలువైనది. దానిలో తేదీ ఉంటుంది, ఒక దళం ఉంటుంది, ఒక పెద్ద మనిషి చేతిరాత ఉంటుంది. ఒకే పిల్లవాడి భుజపట్టీని విప్పి బ్యాడ్జీలను విడివిడిగా అమ్మేవారు తెలియకుండానే ఒక జీవిత చరిత్రను చించుతున్నారు. ఏది ముందు వచ్చింది, ఏది చివర వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నవి ఆ వరసలోనే ఉంటాయి.

పిల్లల మధ్య మార్పిడి మరో సంగతి. 1920లో లండన్‌లోని ఒలింపియాలో మొదలైన ప్రపంచ జాంబోరీల్లో, అంటే స్కౌట్ల మహా సమ్మేళనాల్లో, దేశదేశాల పిల్లలు బ్యాడ్జీలు ఇచ్చిపుచ్చుకోవడం గొప్ప వేడుక. అక్కడ చేతులు మారేవి దళానివో, ప్రాంతానివో, ఆ ఉత్సవానివో. కష్టపడి సంపాదించిన అర్హత బ్యాడ్జీని మార్పిడికి పెట్టకపోవడం మర్యాద. బ్రిటన్‌లో ఎదిగిపోయిన చొక్కాల నుంచి విప్పిన బ్యాడ్జీలను, మార్పిడిలో వచ్చినవాటిని క్యాంపు దుప్పటి మీద కుట్టుకుంటారు. రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు ఆ దుప్పటి భుజాల మీద ఉంటుంది.

బ్రిటన్‌లోని తొలి సైకిల్ బ్యాడ్జీకి మాత్రం ఒక వింత షరతు ఉండేది. ఆ బ్యాడ్జీ పొందే స్కౌటు సైకిల్ తొక్కగలగడం, దాన్ని బాగుచేయగలగడంతో పాటు, ఆపద వచ్చినప్పుడు తన సైకిల్‌ను దేశం పనికి వాడడానికి సిద్ధమని సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఏ కారణం చేతనైనా సైకిల్ తన దగ్గర లేకుండా పోతే బ్యాడ్జీని తిరిగి ఇచ్చేయాలి. నైపుణ్యం పోలేదు, తొక్కడం మరిచిపోలేదు, అయినా ఇచ్చేయాలి. ఎందుకంటే ఆ గుర్తు చెబుతున్నది ఈ పిల్లవాడికి సైకిల్ వచ్చని మాత్రమే కాదు, ఇప్పుడు పిలిస్తే సైకిల్‌తో వస్తాడని. ఆ కాలపు సైకిల్ బ్యాడ్జీ ఒకటి ఈరోజు ఆల్బంలో ఉందంటే, దాన్ని సంపాదించిన కుర్రవాడు సైకిల్‌ను వదులుకోలేదో, వదులుకున్నా బ్యాడ్జీని ఇవ్వడానికి మనసొప్పలేదో, అడగాల్సిన నాయకుడు అడగలేదో. మూడింటిలో ఏది జరిగిందో చెప్పే దారం ఆ గుడ్డలో లేదు.